బ్యాంకు కాదన్నాక డైలీ ఫైనాన్స్ ఒక్కటే దారి కాదు

సంపాదకులకు నమస్కారం.

బ్యాంకు మేనేజరు కుదరదన్న సాయంత్రమే డైలీ ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టే కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఇప్పటికీ ఎన్నో. పది వేలు అప్పు రాసుకుని, పదిహేను వందలు ముందే పట్టుకుని, చేతిలో రూ.8,500 పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పోయేది పదిహేను వందలే కదా అనిపిస్తుంది. కానీ కట్టిన ప్రతి వందతో మన దగ్గరున్న సొమ్ము తగ్గిపోతూ ఉంటుంది. ఏడాది లెక్కన చూస్తే ఆ వడ్డీ నూటికి 120 దాటుతుంది. అంటే నెలకు నూటికి పది రూపాయలు.

పొదుపు సంఘాల, సహకార సంఘాల లెక్కల పుస్తకాలతో పనిచేసేవాళ్లం కనుక మీ పాఠకులకు ఒక్క మాట గట్టిగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. బ్యాంకుకీ డైలీ ఫైనాన్స్‌కీ మధ్య అప్పు పుట్టే చోట్లు ఉన్నాయి. అయితే అవి సభ్యులకే ఇస్తాయి. మీ పొదుపు, మీ హాజరు, తోటివాళ్ల నమ్మకమే అక్కడ తాకట్టు. ఆసుపత్రి బిల్లు చేతికొచ్చిన రోజున వెళ్లి అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. కనీసం ఆరు నెలల ముందే అందులో పేరు ఉండాలి.

దానికన్నా ముందు, బ్యాంకు నిజంగానే కాదన్నదా అన్నది తేల్చుకోవాలి. చాలామందికి దరఖాస్తు కూడా ఇవ్వకుండా కౌంటరు దగ్గరే నోటిమాటతో సరిపెడతారు. అది తిరస్కరణ కింద లెక్క కాదు. దరఖాస్తు రాసిచ్చి రసీదు తీసుకోండి. ఏ అప్పునైనా కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. ఎస్సీ, ఎస్టీ దరఖాస్తుదారులనైతే బ్రాంచి స్థాయిలో తిరస్కరించకూడదు, పై స్థాయి అధికారే ఆ నిర్ణయం తీసుకోవాలి. తాకట్టు లేదన్న కారణం చెబితే మీ అప్పు ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి. వ్యవసాయానికి రూ.2 లక్షల వరకు (2025 జనవరి 1 నుంచి), చిన్న పరిశ్రమకో వ్యాపారానికో కనీసం రూ.10 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. చుట్టుపక్కల బ్యాంకులన్నీ తిరిగి బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్లు తెమ్మని పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఇంకా అడుగుతున్నారు. వ్యక్తులకు, సంఘాలకు ఆ పట్టింపు వద్దని రిజర్వ్ బ్యాంక్ ఎప్పుడో చెప్పింది. బ్రాంచిలో తేలకపోతే ప్రతి జిల్లాలోనూ బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరు ఉంటారు, కాగితాలతో ఆయన్ని కలవాలి.

సిబిల్, అంటే మన అప్పుల చరిత్రకు వేసే స్కోరు, బాగోలేదని చెప్పి పంపేస్తే ఆ రిపోర్టు మీరే తెప్పించుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. స్కోరు చోట మైనస్ 1 ఉంటే అప్పుల చరిత్రే లేదని అర్థం, చెడ్డపేరు ఉందని కాదు. మామూలుగా బయటపడేవి ఇవి: అదే పేరున్న ఇంకొకరి అప్పు మీ ఖాతాలో కలవడం, మీరు జామీను సంతకం పెట్టిన అప్పు మొండిబకాయి కావడం, ఫోన్ యాప్‌లో తీసుకుని మరిచిపోయిన మూడు నాలుగు వేలు. వీటికన్నా ఎక్కువ దెబ్బ తీసేది ‘సెటిల్డ్’ అన్న ముద్ర. కొంత తగ్గించుకుని ఒకేసారి కట్టేసినవాళ్లు అప్పు తీరిందనుకుంటారు. రిపోర్టు మాత్రం పూర్తిగా కట్టలేదనే చెబుతుంది. వీలైతే మిగతాది కూడా కట్టి ‘క్లోజ్డ్’ అని మార్పించుకోవాలి. తప్పు ఉందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో సరిచేయాలి, దాటితే రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం రావాలి. ఈలోగా పది బ్యాంకుల్లో పది దరఖాస్తులు పెట్టకండి, అప్పు కోసం బ్యాంకు మీ రిపోర్టు తెప్పించిన ప్రతిసారీ అది స్కోరును ఇంకాస్త కిందికి లాగుతుంది.

ఇక మహిళలకు అన్నిటికన్నా దగ్గరి దారి డ్వాక్రా సంఘం. ఈ పేరు తెలియని ఇల్లు లేదు, కానీ అప్పు ఎలా పుడుతుందో సభ్యుల్లోనే చాలామందికి స్పష్టంగా తెలియదు. పది మంది నుంచి ఇరవై మంది దాకా కలిసి సంఘం పెట్టుకోవచ్చు. ఈ సంఘాల పని చూసేది తెలంగాణ పల్లెల్లో ఐకేపీ ఆఫీసు, ఆంధ్ర పల్లెల్లో వెలుగు ఆఫీసు, పట్టణాల్లో మెప్మా. ఊళ్లో అయితే సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యలో లెక్కలు చూసే వీవోఏని, పట్టణంలో సంఘాల పని చూసే ఆర్పీని అడిగితే ఏ సంఘంలో ఖాళీ ఉందో చెబుతారు. పాత సంఘంలో చేరితే ఇప్పటిదాకా మిగతావాళ్లు దాచినంత పొదుపు మిమ్మల్నీ కట్టమనవచ్చు. అది న్యాయమే, వాయిదాల్లో కడతామని అడగండి. కొత్త సంఘమైతే తీర్మానం రాసుకుని పొదుపు ఖాతా తెరవాలి. ఖాతా తెరిచేటప్పుడు బ్యాంకువాళ్లు సభ్యులందరి గుర్తింపు పత్రాలు (కేవైసీ) అడగనక్కర్లేదు, లీడర్లది చాలు.

ఆ తర్వాతి ఆరు నెలలే అసలు పరీక్ష. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, లోపల లోపల అప్పులిచ్చుకోవడం, వాయిదా ప్రకారం కట్టడం, పుస్తకాలు రాయడం. ఈ ఐదింటినీ పంచసూత్రాలంటారు, బ్యాంకు గ్రేడింగులో చూసేదీ వీటినే. పది మంది నెలకు రూ.200 చొప్పున దాస్తే ఆరు నెలలకు రూ.12,000. ఆ మూలధనానికి ఆరు రెట్లంటే రూ.72,000. కానీ మొదటి ఏడాది బ్యాంకు అప్పు పరిమితి ఆరు రెట్లు లేదా రూ.1.5 లక్షలు, ఏది ఎక్కువైతే అది. కనుక మేనేజరు డెబ్బై రెండు వేలే అంటే ఒప్పుకోవద్దు. అర్హతున్న గ్రామీణ సంఘాలకు రూ.3 లక్షల వరకు వడ్డీ ఏడాదికి 7 శాతం. రూ.10 లక్షల వరకు తాకట్టు గానీ, సంఘం పొదుపు ఖాతాను పట్టుకుని ఉంచడం గానీ కూడదు. ఖాతాలో డబ్బు కదలనివ్వకుండా ఆపిన బ్రాంచిల మీద మండలంలో సంఘాల పని చూసే అధికారి ఏపీఎం ద్వారా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

బ్యాంకు తిరస్కరించిన మనిషికి ఇక్కడ ఒక మెలిక ఉంది, తప్పక తెలుసుకోవాలి. ఒకరిద్దరు సభ్యులకో, వాళ్ల ఇంట్లోవాళ్లకో సొంత అప్పులో బకాయి ఉందని సంఘం మొత్తానికి బ్యాంకు అప్పు ఆపకూడదు. సంఘం బకాయి పడకుండా ఉంటే చాలు. అయితే బ్యాంకు ఇచ్చిన డబ్బును మాత్రం ఆ బ్యాంకుకు బకాయి ఉన్న సభ్యురాలికి ఇవ్వకూడదు. మరి ఆమెకు దారేమిటంటే, సంఘం సొంత పొదుపు నిధి ఉంది, సమాఖ్య నుంచి వచ్చే సామాజిక పెట్టుబడి నిధి ఉంది. ఆ రెండింటి నుంచి ఆమెకిచ్చి, బ్యాంకు సొమ్ము మిగతావాళ్లు వాడుకుంటే సరిపోతుంది. ఈ ఏర్పాటు తీర్మానంలో రాసుకోవాలి. ఇది తెలియక చాలా సంఘాలు అలాంటి ఆడవాళ్లను చేర్చుకోవడానికే జంకుతున్నాయి. అవసరం ఎక్కువున్నవాళ్లే గుమ్మం బయట ఉండిపోతున్నారు.

మహిళా సంఘాల సభ్యులకు అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి 2011లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు (లింకేజీ) రెన్యువల్ కోసం ఎదురుచూసే వ్యవధి లేనప్పుడు పనికొచ్చేది ఇదే. సభ్యురాలు సంఘంలో అడగాలి, సంఘం తీర్మానం గ్రామ సమాఖ్యకు వెళ్లాలి, అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో దరఖాస్తు. కాగితాలు సరిగా ఉంటే రెండు రోజుల్లో అప్పు అందాలన్నది దాని ఉద్దేశం. ఆగిపోయేది ఎక్కడంటే గ్రామ సమాఖ్య గ్రేడు దగ్గర. ఊళ్లో కొన్ని సంఘాలు బకాయి పడితే సమాఖ్య పరిమితి తగ్గుతుంది, సరిగా కడుతున్న సంఘానికీ డబ్బు రాదు. కాబట్టి చేరేముందే సమాఖ్య గ్రేడు ఎంత, పాత బకాయి ఎంత అని అడగండి. సభ్యులకు ఆ లెక్క దాచే సమాఖ్యను నమ్మకూడదు.

సంఘాలు చెడేది ఎక్కువగా లోపలి నుంచే. వచ్చిన లక్షన్నరను తలా పదిహేను వేలు సమానంగా పంచుకోవడం మొదటి తప్పు. అవసరం లేనివాళ్లు తమ వాటాను నూటికి మూడు రూపాయలకు బయటికి తిప్పుతారు, గేదె కొనాలనుకున్న ఆమెకు పదిహేను వేలు ఎటూ చాలవు. అందుకే సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు ఎవరికి ఎంత, దేనికి అన్నది సమావేశంలోనే పైకి చదవాలి. రెండోది బినామీ: ఒకరి పేరు మీద మరొకరు తీసుకోవడం. ఇప్పుడు సంఘం అప్పులు సభ్యుల పేర్లతో సిబిల్ దాకా వెళ్తున్నాయి కనుక సంతకం పెట్టినామెకే మచ్చ. మూడోది మరీ ప్రమాదం, వాయిదా సొమ్ము నగదుగా లీడరు చేతిలో పెట్టి బ్యాంకులో పడిందనుకోవడం. దీనికి మందు సులువే. ప్రతి నెలా సంఘం అప్పు ఖాతా స్టేట్‌మెంటు తెచ్చి సమావేశంలో చదవాలి, ప్రతి సభ్యురాలి సొంత పాసుపుస్తకంలో ఆ రోజే రాసి సంతకం పెట్టాలి, లీడర్లను రెండేళ్లకొకసారైనా మార్చాలి. వడ్డీ లేని రుణం అన్నారని వడ్డీ కట్టడం ఆపేసిన సంఘాలూ ఉన్నాయి. వడ్డీ ముందు మీరు కట్టాలి, వాయిదా తప్పనివాళ్లకే ప్రభుత్వం తర్వాత జమ చేస్తుంది. ఆ జమ ఆలస్యమైనా సరే కట్టడం ఆపకూడదు.

మగవాళ్లకు ఇంత దగ్గరి దారి లేదు, ఇది మన విధానాల్లో నిజమైన లోటు. భూమి ఉన్న రైతుకు ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం ఉంది. పంట రుణం రూ.3 లక్షల వరకు 7 శాతం, గడువులో కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. అప్పులో కొంత వాటాధనం కింద మినహాయించుకుంటారు, అది ఎంతో ముందే అడిగి లెక్కలో వేసుకోండి. కౌలు రైతుకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. ఆంధ్రలో 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకే చెల్లుతుంది, భూయజమాని సంతకం కావాలి. హక్కు పోతుందేమోనని యజమాని పెట్టడు, పెట్టినా అదే సర్వే నంబరు మీద ఆయన ముందే పంట రుణం తీసుకుని ఉంటాడు. ఇక్కడ పనికొచ్చేది ఉమ్మడి బాధ్యత బృందం, బ్యాంకు భాషలో జేఎల్‌జీ. నలుగురి నుంచి పది మంది కౌలు రైతులు ఒకరికొకరు పూచీపడి తీసుకుంటారు, భూమి పత్రం తాకట్టు ఉండదు. ఒకే ఊరివాళ్లు, పొలాలు పక్కపక్కన ఉన్నవాళ్లు, ఇంటికి ఒక్కరు చొప్పున కలిస్తేనే ఇది నిలబడుతుంది. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి కట్టిన బృందం ఒక్క తగాదాతో విరిగిపోతుంది. పట్టణాల్లో బండి మీద, పేవ్‌మెంటు మీద అమ్ముకునేవారికి పీఎం స్వనిధి ఉంది. మొదటి విడత ఇప్పుడు రూ.15,000, సరిగా కడితే తర్వాత రూ.25,000, ఆపైన రూ.50,000. గుర్తింపు కార్డు లేకపోతే మున్సిపాలిటీ నుంచి సిఫారసు లేఖ తెచ్చుకోవాలి.

1995 చట్టం కింద పుట్టిన పరస్పర సహాయ సహకార సంఘాల, మన వాడుకలో మాక్స్ సంఘాల, గురించి కాస్త వివరంగా చెప్పాలి. ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకొనే సంఘాలకు చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో మహిళల, పురుషుల పొదుపు సంఘాలు ఈ పద్ధతిలో బాగా నడిచాయి. అదే ప్రాంతంలో 1956లో పుట్టిన ములుకనూరు సహకార సంఘం ఇంతకాలం నిలవడానికి మా దృష్టిలో పెద్ద కారణం, అప్పుతోపాటు విత్తనం, ఎరువు, పంట కొనుగోలు కూడా ఒకే గొడుగు కిందికి తేవడం. పంట డబ్బు వచ్చే చోటే అప్పు తీరుతుంది.

అదే చట్టం పేరు పెట్టుకుని జనం డిపాజిట్లు మింగిన సంఘాలూ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. తేడా పట్టుకోవడం కష్టం కాదు. సంఘం ముందు సభ్యుల దగ్గర పొదుపు తీసుకుంటుందా, లేక వీధిలో కనిపించిన ప్రతివారి దగ్గరా ఎక్కువ వడ్డీ ఆశ చూపి ఎఫ్‌డీలు కట్టించుకుంటుందా? కమీషను ఏజెంట్లు ఉన్నారా? ఏటా మహాసభ జరిగిందా, తీర్మానాల పుస్తకం చూపిస్తారా? గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు అడగండి. అందులో రెండు అంకెలు చూడండి: మొత్తం అప్పుల్లో గడువు మీరినవి ఎంత, పాలకవర్గం సభ్యులకూ వాళ్ల బంధువులకూ ఇచ్చినవి ఎంత. రిజిస్ట్రేషన్ నంబరు నిజమో కాదో జిల్లా సహకార అధికారి కార్యాలయంలో చెబుతారు. రిజర్వ్ బ్యాంక్ లైసెన్సు లేకుండా బోర్డు మీద బ్యాంకు అని రాసుకుంటే లోపలికే వెళ్లొద్దు. బ్యాంకు డిపాజిట్లకున్న రూ.5 లక్షల బీమా ఈ సంఘాల్లో దాచిన డబ్బుకు లేదు. కనుక అప్పు అర్హతకు కావలసినంతే పొదుపు చేయండి, జీవితకాలపు సొమ్మంతా అక్కడ పెట్టకండి.

చిట్టీ కూడా ఒకరకంగా తోటివాళ్ల డబ్బే. 1982 చట్టం కింద రిజిస్టరైన చిట్టీలో నిర్వాహకుడి కమీషను 7 శాతం మించకూడదు. ఇక్కడ జనం ఇరుక్కునేది పాట పాడాక. పాట దక్కుతుంది, జామీనుకు ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగులను తెమ్మంటారు, వాళ్లు దొరకరు, అవసరం గడిచిపోతుంది. ఎలాంటి జామీనులు ఒప్పుకుంటారో చేరే రోజునే రాయించుకోండి. రిజిస్టర్ కాని ఇంటి చిట్టీలో డబ్బు పోతే చేతిలో చూపడానికి కాగితం కూడా ఉండదు.

మైక్రోఫైనాన్స్ సంస్థలు సభ్యుల సంఘాలు కావు, కంపెనీలు. అయినా వారపు కిస్తీతో గడప దాకా వస్తాయి కనుక చెబుతున్నాం. ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు అప్పులిచ్చి వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యల దాకా వెళ్లిన 2010లో ఉమ్మడి రాష్ట్రంలో ఏం జరిగిందో మీ పత్రిక పాత సంచికల్లోనే ఉంది. 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఏడాదికి రూ.3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబం కట్టే అన్ని వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. ముందుగా తీరిస్తే జరిమానా లేదు. వసూలుకు ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు.

ఎక్కడ తీసుకున్నా వడ్డీ ఏ పద్ధతిలో వేస్తున్నారో అడగండి. లక్ష రూపాయలు 12 శాతానికి, పన్నెండు నెలలకు అనుకుందాం. ఫ్లాట్ అయితే వడ్డీ రూ.12,000, నెలకు రూ.9,333. తగ్గుతున్న అసలు మీద అయితే వడ్డీ సుమారు రూ.6,600, నెలకు రూ.8,885. పైకి రెండూ 12 శాతమే, ఫ్లాట్ మాత్రం నిజానికి 21 శాతం దాటుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు సంతకానికి ముందే అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు చూపే కీలక వివరాల పత్రం, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగులో ఇమ్మనండి. సంఘాలకు ఆ నియమం లేకపోయినా ఇదే లెక్క కాగితం మీద వేసి చూపమని సభ్యులు అడగొచ్చు.

మీకు మా విన్నపం ఒకటుంది. అప్పుల బాధల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి. ఆ పేజీలోనే మూడు నెలలకొకసారి మండలాలవారీగా ఒక పట్టిక వేయండి: గ్రామ సమాఖ్య గ్రేడు, పరపతి సంఘం చివరి ఆడిట్ ఏ సంవత్సరానిది, మాక్స్ సంఘాల్లో మహాసభ జరిపినవి ఏవి, లీడ్ బ్యాంకు మేనేజరు కార్యాలయం ఎక్కడ. ఈ వివరాలు జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఏ)లోనూ జిల్లా సహకార అధికారి దగ్గరా ఉంటాయి. అడిగినా ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద ముప్పై రోజుల్లో ఇచ్చి తీరాలి. జూన్‌లో వ్యవసాయ పెట్టుబడికీ బడి ఫీజులకూ కలిపి ఇళ్లలో అవసరం పడుతుంది. ఆ నెలకు సంఘంలో ఆరు నెలలు నిండి ఉండాలంటే జనం డిసెంబరులోనే చేరాలి. కనుక మొదటి పట్టిక నవంబరులో వచ్చేలా చూడండి.

ఇట్లు,
పొదుపు, సహకార సంఘాల పుస్తక నిర్వహణలో పనిచేసే కొందరం